కార్జం మీది కొమ్ము

చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ నడుమ, అరచేతి వెనక, చర్మం కింద సన్నగా ఒక సిర పాకుతుంది. ప్లీహం పెరిగినవాడికి ఎడమ చేతి మోచేతి మడతలో గానీ ఈ రెండు వేళ్ల మధ్య గానీ సిర కోసి నెత్తురు తీయాలని, కాలేయం పెరిగినవాడికి అదే పని కుడి చేతికి చేయాలని సుశ్రుత సంహిత శారీరస్థానం చెబుతుంది. 1025 ప్రాంతంలో పారసీక వైద్యుడు ఇబ్న్ సీనా పూర్తిచేసిన ‘అల్ ఖానూన్’ తెరిస్తే మళ్లీ అవే రెండు వేళ్లు, అదే సిర. అరబ్బులు దాన్ని ఉసైలిం అన్నారు. కుడి చేతిది కాలేయానికి, ఎడమ చేతిది ప్లీహానికి. ఇందులో విడ్డూరం లేదు. బాగ్దాదులో బర్మకీ మంత్రులు సుశ్రుతాన్ని అరబ్బీలోకి రాయించారు. గ్రీకు గ్రంథాలను హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ 9వ శతాబ్దంలో అక్కడే అనువదించాడు. వైద్యం ఏ మతం గడప దగ్గరా ఆగలేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలేయాన్ని మాంసం కొట్టు దగ్గర కార్జం అంటాం, జబ్బు వస్తే లివర్ అంటాం. ‘లివర్‌కి హిజామా మంచిదట’ అన్న మాట కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతూ ఈ ప్రాంతానికీ చేరింది. చర్మం మీద కప్పు బోర్లించి, గాలి లాగి, ఉబ్బిన చోట సన్నని గాట్లు పెట్టి, మళ్లీ కప్పు పెట్టి నెత్తురు లాగడమే హిజామా. ప్రవక్త వైద్యంగా దీన్ని ఎందరో భక్తితో చేయించుకుంటారు. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. కాకపోతే హిజామా ఒక దారిన వచ్చింది, కాలేయం మరో దారిన వచ్చింది. రెండూ ఎక్కడ కలిశాయో చూడకుండా ఆ మాటను నమ్మడం గానీ కొట్టిపారేయడం గానీ సరికాదు.

మొదటి దారి మదీనాది. తేనె, హిజామా చేసే హజ్జాము పెట్టే గాటు, నిప్పుతో వాత అనే మూడింట్లో స్వస్థత ఉందని, వాతను మాత్రం తన వారికి వద్దంటున్నానని ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. అబూ తైబా అనే బానిస ఆయనకు హిజామా చేస్తే ధాన్యం కూలిగా ఇప్పించి, అతని మీద యజమానులు వేసిన పన్ను తగ్గించమని అడిగారు. నెల 17, 19, 21 తేదీలు మేలని మరికొన్ని హదీసులు చెబుతాయి. కప్పు పెట్టిన చోట్ల పేర్లు కూడా ఉన్నాయి: తల, మెడకు రెండు పక్కలా, భుజాల నడుమ. వీటిలో కాలేయం ఎక్కడా లేదు.

ఆ హజ్జాము అనే మాటే ఉర్దూలోకి వచ్చేసరికి మంగలిగా మారింది. కత్తి పట్టినవాడే గడ్డం గీసేవాడు, కురుపు కోసేవాడు, నెత్తురు తీసేవాడు. తెలుగు పల్లెలోనూ అంతే. మంగలి చేతి కత్తి క్షవరానికే పరిమితం కాలేదు, ఆ ఇంటి ఆడవాళ్లు పురుళ్లు పోసేవారు. కొమ్ము పెట్టి చెడు నెత్తురు లాగడం మన నేలకూ కొత్త కాదు. వాత దోషానికి ఆవు కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరకాయ బుర్ర అని సుశ్రుతుడు విడదీసి చెప్పాడు. కాలేయం పిత్తానికి ఇల్లు. కాబట్టి ఆయుర్వేదం లెక్కన కూడా కార్జం జబ్బుకి పట్టాల్సింది జలగ, కొమ్ము కాదు. పాత పుస్తకాల పేరు చెప్పి కొమ్మునూ కార్జాన్నీ ముడిపెట్టేవాళ్లు ఈ ముక్క దగ్గర ఆగి చదివితే బాగుండును.

రెండో దారి గ్రీకులది, అసలు కథ ఇక్కడే ఉంది. తిన్న తిండి కడుపులో ఉడికి రసమై కాలేయానికి చేరుతుందని, అక్కడ అది నెత్తురుగా మారుతుందని, సిరలన్నీ కాలేయం నుంచే మొలుస్తాయని 2వ శతాబ్దంలో గాలెన్ చెప్పాడు. ఒళ్లంతా ప్రవహించే నెత్తురు రోజూ కార్జం వంటింట్లో వండే కూర అన్నమాట. కూర మాడితే గిన్నె దించాలి, ఎక్కువైతే తోడేయాలి. నెత్తురు తీస్తే కాలేయానికి తెరిపి అన్న ఊహకు పునాది ఇదే. యునానీ అనే మాటకు అర్థమే గ్రీకుదని. ఆ వైద్యం ఈ శాస్త్రాన్ని యథాతథంగా తీసుకుంది. గాటు లేని కప్పుకు హిజామత్ బిలా షర్త్, గాటు ఉన్నదానికి హిజామత్ బిష్ షర్త్ అని పేర్లు పెట్టింది. పేరుకున్న దోషాన్ని బయటికి పంపడం తన్ఖియా, ఒక చోటి ప్రవాహాన్ని ఇంకో చోటికి మళ్లించడం ఇమాలా.

గాలెన్ నుంచి ఇబ్న్ సీనా దాకా కాలేయం మీద నేరుగా కప్పు పెట్టమన్న సందర్భం ఒకటి కనిపిస్తుంది. అది కామెర్లకు కాదు, ముక్కు నుంచి కారే నెత్తురుకు. కుడి ముక్కు కారితే కుడి డొక్క మీద, కాలేయం ఉన్న చోట పెద్ద కప్పు బోర్లించాలి. ఎడమ ముక్కు కారితే ప్లీహం మీద. పైకి పోయే నెత్తురును కిందికి మళ్లించే ఇమాలా అది, చర్మానికి గాటు అక్కర్లేదు. 14వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిం ప్రవక్త వైద్యం గురించి రాస్తూ వేడి దేశాల్లో నెత్తురు పలచబడి చర్మం దగ్గరికి వస్తుందని, అక్కడ సిర కోయడం కన్నా హిజామా మేలని వాదించాడు. మదీనా ఆచారాన్ని గ్రీకుల శరీరశాస్త్రంతో సమర్థించిన పద్ధతి అది. హదీసులో లేని అవయవాలు, జబ్బులు తర్వాతి కాలపు హిజామా పట్టీల్లోకి ఎక్కడానికి అక్కడే తలుపు తెరుచుకుంది.

ఆ పాత వైద్యుల జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. రెండేళ్ల లోపు పిల్లలకూ అరవై దాటినవారికీ కప్పు వద్దన్నాడు ఇబ్న్ సీనా. నెత్తురు మితిమీరి పోతే కాలేయం చల్లబడి ఇస్తిస్ఖా, అంటే జలోదరం, వస్తుందని ఆ సంప్రదాయం భయపడింది. సుశ్రుతుడి నిషేధాలూ అంత కచ్చితమైనవే. ఒళ్లంతా వాచినవాడికి, నీరసించినవాడికి, పాండురోగికి, పొట్ట ఉబ్బినవాడికి, గర్భిణికి నెత్తురు తీయకూడదు. కార్జం బాగా చెడినవాడు ఎలా ఉంటాడు? పాలిపోయి, కాళ్లు వాచి, పొట్టలో నీరు పట్టి ఉంటాడు. రెండు సంప్రదాయాలూ ఏకమై ‘వీడి జోలికి పోవద్దు’ అన్న మనిషి వాడే.

ఈ విద్య తెలుగు నేల మీద నిలదొక్కుకున్నది గోల్కొండ నీడలో. 1591లో హైదరాబాదు కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా నాలుగేళ్లకే, 1595లో, దారుల్ షిఫా కట్టించాడు. రోగులకు ఆసుపత్రి, హకీములకు బడి ఒకే కప్పు కింద. అంతకుముందే ఇబ్రహీం కుతుబ్ షా సేనలు కళింగ తీరానికి వచ్చాయి. శ్రీకాకుళం ఫౌజుదారుల పట్నమైంది, ఇంగ్లీషువాళ్ల నోట చికాకోల్ అయింది. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1652లో ఇటు వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చిన పూసపాటి మాధవవర్మ సంతతే తర్వాత విజయనగరం రాజులయ్యారు. ఫౌజు ఉన్న చోట గాయాలుంటాయి, గాయాలున్న చోట హజ్జాము కత్తికి పని ఉంటుంది. అయితే శ్రీకాకుళంలో మసీదు నిలిచినట్టు హైదరాబాదు మాదిరి దవాఖానా నిలవలేదు. ఈ జిల్లాల్లో ముస్లింలు 2011 జనాభా లెక్కల్లో నూటికి ఒకరు కూడా లేరు. విజయనగరం బాబామెట్ట మీది ఖాదర్ బాబా దర్గాకు మాత్రం అన్ని కులాలవాళ్లూ జబ్బులు చెప్పుకోవడానికి వెళతారు.

ఈ తీరంలో కాలేయం పేరున గట్టిగా నెత్తురు తీసిన వైద్యం ఇంగ్లీషువాళ్లది. 1753లో సర్కారులు అనే ఈ తీరపు జిల్లాలు ఫ్రెంచివాళ్లకు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లకు దక్కాయి. విజయనగరంలోనూ చికాకోల్‌లోనూ మద్రాసు సైన్యం దళాలుండేవి. వేడి దేశంలో తెల్లవాడి కాలేయం పాడవుతుందన్నది ఆనాటి సైనిక డాక్టర్ల దిగులు. నౌకాదళ వైద్యుడు జేమ్స్ జాన్సన్ 1813లో ఉష్ణదేశాల వాతావరణం గురించి రాసిన పుస్తకం వాళ్లకు నిత్య పఠనం. కుడి డొక్కలో నొప్పి అంటే చేయి కోసి నెత్తురు తీయడం, నోట్లో నుంచి చొంగ కారేదాకా క్యాలొమెల్ అనే పాదరసపు మందు పట్టించడం. కొమ్ము లాగేది కొన్ని చెంచాలైతే లాన్సెట్టు కత్తి లాగేది గిన్నెలకొద్దీ. మనవాళ్ల వైద్యాన్ని మోటు అన్న చేతులే ఆ పని చేశాయి. చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది.

గాలెన్ వంటిల్లు అప్పటికే కూలిపోయింది. గుండె ఒక్క గంటలో తోసే నెత్తురు మనిషి తిన్న తిండి బరువును ఎన్నో రెట్లు మించిపోతుందని, కాబట్టి అది కొత్తగా వండినది కాదని, తిరుగుతున్నదేనని 1628లో విలియం హార్వే లెక్కకట్టి చూపాడు. శాస్త్రం మారినా చేయి మారడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. 1835లో పారిస్‌లో పియేర్ లూయీ రోగులను లెక్కపెట్టి, నెత్తురు తీయడం వల్ల ఒరిగేది చాలా తక్కువని చూపాక గానీ ఆ వాడుక సన్నగిల్లలేదు. కాలేయంలో చీము గడ్డకు అమీబా కారణమైతే ఎమెటిన్ సూది పనిచేస్తుందని 1912లో లియొనార్డ్ రోజర్స్ కలకత్తా నుంచి ప్రకటించాడు. 1923లో విశాఖలో వైద్య కళాశాల మొదలైంది. ఉత్తరాంధ్ర రోగులకు కింగ్ జార్జ్ ఆసుపత్రి, ‘కేజీహెచ్’ అన్న మూడక్షరాలు, పెద్ద దిక్కయ్యాయి.

పల్లెల్లో మాత్రం పచ్చకామెర్ల వైద్యం వేరుగానే సాగింది. నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేవారు, ఉప్పు మాన్పించేవారు. కొన్ని చోట్ల చేతి మీద వాత పెట్టేవారు. ప్రవక్త వద్దన్న వాతే, ఇక్కడ మతంతో పని లేకుండా అందరి ఒంటి మీదా కనిపిస్తుంది. మా ఇంట్లోనూ పసరు తాగినవాళ్లున్నారు, తేరుకున్నారు. వాళ్లు తేరుకున్న కారణం ఇప్పుడు తెలుసు. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా, వాత పెట్టినా, కొమ్ము పెట్టినా, ఏమీ చేయకపోయినా తగ్గుతాయి. పేరు చివర చేసిన పనికి దక్కుతుంది. అయితే హెపటైటిస్ ఇ నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి ఇరవై మందికి పైగా ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ ఇంట్లో పసరు కోసం పోగొట్టుకునే ప్రతి రోజూ ప్రమాదమే.

నేల ఉసిరిని శాస్త్రం చులకన చేయలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు దాన్ని హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవారికి ఇచ్చి, నూటికి 59 మందిలో వైరస్ గుర్తు పోయిందని, ఉత్తుత్తి మందు వాడినవారిలో నూటికి నలుగురికే పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ మాట ప్రపంచమంతా విన్నది. తర్వాత ఎన్నో చోట్ల మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఓడినా ఆ మొక్కకు జరిగింది న్యాయం, దాన్ని అడిగి చూశారు. కాలేయానికి హిజామాను ఆ స్థాయిలో ఎవరూ అడిగి చూడలేదు. నడుము నొప్పి, మెడ నొప్పి మీద చేసిన చిన్న ప్రయోగాల్లో కొంత ఉపశమనం కనిపించింది. ఆ నొప్పుల మాటను కార్జానికి అతికించడం తప్పు.

నెత్తురు తీస్తే నిజంగా మేలు జరిగే కాలేయ జబ్బు ఒకటుంది, హీమోక్రొమటోసిస్. ఒంట్లో ఇనుము పేరుకుపోయి కాలేయాన్ని తినేసే జన్యుదోషం. ఒక్కో సారికి 450 నుంచి 500 మిల్లీలీటర్లు తీస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము బయటికి పోతుంది. దానికి కప్పులు చాలవు, సిరలో సూది కావాలి. ఈ జబ్బు యూరప్ సంతతివాళ్లలో ఎక్కువ, మన దగ్గర అరుదు. మన కథ దానికి ఎదురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తహీనత. సుశ్రుతుడు పాండురోగి అన్నది ఇలాంటివాళ్లనే.

హైదరాబాదులో యునానీ చదువు ఇప్పటికీ సాగుతోంది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల 1938 నుంచి ఉంది, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరున యునానీ వైద్య కళాశాల ఉంది. హిజామాను అక్కడ ఇలాజ్ బిత్ తద్బీర్ అనే విభాగంలో నేర్పుతారు. అలా చదివి వచ్చిన హకీము చేతికీ, నాలుగు వీడియోలు చూసి ప్లాస్టిక్ కప్పుల పెట్టె తెప్పించుకున్నవాడి చేతికీ పోలిక లేదు. చెడిన కాలేయం నెత్తురు గడ్డకట్టించే పదార్థాలను సరిగా తయారుచేయలేదు, ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అలాంటివాడి వీపు మీద ఇరవై గాట్లు పెడితే కారడం ఆగదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఎండిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కడిగాం కదా అనుకున్న బ్లేడు, మళ్లీ వాడిన కప్పు కాలేయాన్ని కాపాడతామని వచ్చి కాలేయ రోగాన్నే ఇచ్చిపోతాయి.

ఆ వైరస్‌కు అడ్డుకట్ట కూడా తెలుగు నేల మీదే పడింది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాదు నుంచి షాన్‌వాక్–బి తెచ్చింది. హెపటైటిస్ బికి దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ టీకా అది. విదేశీ టీకా అందని ఇళ్లకు దాని ధర అందింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ కళ్లు పచ్చబడ్డ మనిషి ఆసుపత్రికి వెళితే మొదట చేయి చాపమంటారు. మోచేతి మడతలో, సుశ్రుతుడు చూపిన చోటే, కొత్త సూదితో ఒక చెంచాడు నెత్తురు తీస్తారు. అది బిలిరుబిన్ ఎంతో, వైరస్ ఉందో లేదో, గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటానికి.