బొగ్గు చెప్పెడి పూర్వచరిత్ర

చరిత్ర యనగానే శాసనములు, నాణెములు, రాజవంశముల పట్టికలు స్ఫురించుట సహజము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమున అట్టి సాక్ష్యములకు కొరత లేదు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు ధాతుకరండములు లభించినవి. వానిపై బ్రాహ్మీ లిపిలో కుబీరక రాజు పేరును, దానము చేసిన గోష్ఠివారి పేర్లును కలవు. అవి క్రీస్తుకు పూర్వము రెండు మూడు వందల యేండ్ల నాటివి. కాని ఆ స్తూపమునకు వలసిన ఇటుకల బట్టీలలో ఏ కట్టె మండినది? ఆ పనివారి యిండ్లలో కూడు దేనితో నుడికినది? కరండము లీ ప్రశ్నలకు బదులు చెప్పవు. ఇక వ్రాతయే యెఱుగని పూర్వజనులను గూర్చి యడిగినచో, శాసనము లసలే లేవు. వారు తెలియకయే విడిచిపోయిన లెక్కలలో నొకటి పొయ్యిలోని బొగ్గు.

కట్టె మన్నులో పడినచో చెదలు తినును, వానకు మురుగును, కొలది యేండ్లలో మన్నులో మన్నగును. అదే కట్టె గాలి చాలక సగము కాలి బొగ్గయినచో చెద ముట్టదు, క్రుళ్లు పట్టదు, వేల యేండ్లు నిలుచును. అగ్ని దానిని నశింపజేయబోయి చిరంజీవిని గావించినది. అంతకంటె వింత యేమనగా, బొగ్గయినను చెట్టు తన జాతిలక్షణమును విడువదు. వేరునుండి కొమ్మకు నీ రెక్కిన నాళముల వరుసయు, వాని చుట్టునున్న కణముల కూర్పును, నడిమినుండి బెరడువైపు సాగిన రేఖలును అట్లే నిలిచి యుండును. తుమ్మ తుమ్మగనే యుండును, టేకు టేకుగనే యుండును.

కట్టెల భేదము నెఱుగుట ఈ దేశమునకు క్రొత్త గాదు. నవగ్రహ హోమమున సూర్యునకు జిల్లేడు, చంద్రునకు మోదుగ, అంగారకునకు చండ్ర, గురునకు రావి, శుక్రునకు మేడి, శనికి జమ్మి యని సమిధలను నిర్ణయించినవారు చెట్టును చెట్టుగా గుర్తించినవారే. అయితే వారు పచ్చి కొమ్మను, ఆకును, బెరడును చూచి చెప్పిరి. నేటి శాస్త్రజ్ఞుడు గోరంత నల్లని తునుకను చూచి చెప్పుచున్నాడు.

ఆ విధాన మిట్టిది. త్రవ్వకమున ఒక్కొక్క పొరలోని మట్టిని వేర్వేరుగా తీసి నీటిలో కలుపుదురు. మట్టి అడుగునకు దిగును. బొగ్గును, మాడిన గింజలును పైకి తేలును. వానిని జల్లెడ పట్టి నీడన నారబెట్టుదురు. పిమ్మట తునుకను విఱిచి, అడ్డకోతను, నిలువుకోతలు రెంటిని, సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. తెలిసిన చెట్ల కొమ్మలను ముందుగనే కాల్చి దాచుకొన్న నమూనాలతో సరిపోల్చి జాతిని నిర్ణయింతురు.

ఇందు ఒక వివేకము వలయును. ఒక పొయ్యిలో దొరకిన బొగ్గు ఒక దినపు చిట్టా వంటిది. ఆ పూట చేతికందిన కట్టె యేదో అదియే చెప్పును. ఇంటి నేలపైనను, చెత్తగుంటలలోను చెదరి యున్న బొగ్గు సంవత్సరాంతపు అడంగలు వంటిది. ఏండ్లతరబడి ఊరివారు ఏరి తెచ్చిన కట్టెల మొత్తమును అది చూపును. సామాన్యముగా నెవరును దగ్గరనున్న కట్టెను విడిచి దూరము పోరు గనుక, ఆ మొత్తమును బట్టి ఊరి చుట్టునున్న అడవి స్వరూపమును ఊహింపవచ్చును. అయినను లేని పద్దును జూచి లేని చెట్టని తీర్పు చెప్పరాదు. రావికట్టెను పొయ్యిలో పెట్టరాదను ఆచార మున్న ఊర, గుడిముందు రావి యెంత పెద్దదైనను పొయ్యిలో దాని జాడ యుండదు గదా!

బొగ్గు కాలమును గూడ చెప్పును. ప్రాణమున్నంతవరకు చెట్టు గాలినుండి రేడియోధార్మిక కర్బనమును గ్రహించుచునే యుండును. చచ్చిన పిమ్మట ఆ రాబడి నిలిచి, ఉన్నది తరుగుచు, సుమారు 5,730 సంవత్సరములకు సగమగును. ఈ తరుగును లెక్కించి వయస్సు చెప్పు పద్ధతిని అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విలార్డ్ లిబ్బీ 1949 ప్రాంతమున స్థాపించి, 1960లో నోబెల్ బహుమానము నందెను. సుమారు ఏబదివేల యేండ్లవరకు ఈ లెక్క పనికివచ్చును. అయితే ముదురు మ్రాను నడిమి చేవ ఎన్నడో పెరుగుట మానినది. దానిని లెక్కించినచో నిప్పు వయస్సుకంటె ఎక్కువ వయస్సు వచ్చును. అందుచేత లేతపుల్లలను, ఒక్క యేటిలో పండి మాడిన గింజలను కోరుదురు.

కట్టెను గుర్తించినందున ఎట్టి సంగతులు బయటపడునో చూపుటకు రెండు నిదర్శనములు చాలును. 1946లో హరప్పా శ్మశానమున దొరకిన శవపేటికను పరిశీలింపగా, పేటిక రోజ్‌వుడ్ జాతి కట్టెయనియు, మూత దేవదారుదనియు తేలినది. దేవదారు హిమాలయ వృక్షము. అనగా ఆ కొండల మ్రాను మైదానపు నగరమునకు దిగి వచ్చుచుండెనన్నమాట. ఫ్రాన్సు దేశమున 1994లో కనుగొన్న షోవే గుహలో, ముప్పదివేల యేండ్లకు మించిన ప్రాచీనులు బొగ్గుతో జంతువుల బొమ్మలు గీసిరి. ఆ గుహలోని బొగ్గులను పరీక్షింపగా దాదాపు అన్నియు పైను కట్టెవే. నాటి ఆ సీమ మిక్కిలి చలిదేశ మనుటకు అది యొక సాక్ష్యము.

ఇక తెలుగువారికి సమీపమైన సాక్ష్యము బూడిదదిబ్బలు. కృష్ణా తుంగభద్రల నడిమి సీమలోను, బళ్ళారి, అనంతపురము ప్రాంతములలోను ఇవి పెక్కు కలవు. జనులు వీనికి పురాణకథల నల్లిరి. హంపీ చెంత నింబాపురము దిబ్బను వాలిని దహనము చేసిన చోటందురు. పందొమ్మిదవ శతాబ్దమున కెప్టెన్ న్యూబోల్డు వీనిని పరిశీలించెను. ఇది పశువుల పేడ కాలిన బూడిదయని రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించెను. 1957లో రేమండ్ ఆల్చిన్ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వగా చిక్కుముడి విడినది. అచట మ్రానులు పాతిన పెద్ద పశువులదొడ్డి ఆనవాలును, నేలపై పశువుల గిట్టల గుర్తులును కనబడినవి. దొడ్డిలో పేరుకొన్న పేడను పలుమారులు కాల్చుటచే దిబ్బ పెరిగినది. సంక్రాంతి మొదలగు పండుగలనాటి మంటలతో ఆల్చిన్ ఆ మంటలను పోల్చెను. అచటి బొగ్గు వయస్సు నాలుగువేల యేండ్లు దాటినది. వాలి చితి కాకపోయినను ఆ దిబ్బల గౌరవమునకు లోపము లేదు. అవి దక్షిణాపథమున తొలిసారి పసులను పెంచిన కుటుంబముల స్మారకములు.

బళ్ళారి చెంత సంగనకల్లులో ఆ కాలపు జనులే కొండపై నివసించిరి. 1940 దశాబ్దమున బి. సుబ్బారావు అచట త్రవ్వకములు జరిపెను. తరువాతి త్రవ్వకములలో లభించిన బొగ్గులను ఎలెని అసౌటి, డోరియన్ ఫుల్లర్ అను పండితులు పరీక్షించి 2008లో గ్రంథముగా ప్రకటించిరి. ఆ బొగ్గు చెప్పిన ప్రకారము, నేడు బండలు తేలిన ఆ కొండల చుట్టు నాడు వేసవిలో ఆకురాల్చు అడవి యుండెను. మాడిన గింజలు వారి ఆహారమును చెప్పినవి: అండుకొఱ్ఱలు, ఉలవలు, పెసలు. క్రీస్తుకు పూర్వము సుమారు 1400–1300 నాటి పొరలలో మామిడి, నిమ్మజాతి, చందనము కట్టెల బొగ్గులును కనబడినవి. మామిడి, నిమ్మజాతులు ఆ మెట్టసీమ అడవులలో తమంత మొలచునవి కావు. కావున నాటికే ఫలవృక్షములను తెచ్చి పెంచిరని ఊహింపబడుచున్నది. చందనము ఈ దేశపుదా, తూర్పు దీవులనుండి వచ్చినదా యను చర్చకును ఆ చిన్న తునుకలే ఆధారము. ఏ రాజును వ్రాయింపని తోటల చరిత్ర పొయ్యిబూడిదలో దాగియున్నది.

ఈ దృష్టితో కృష్ణాడెల్టాను చూచినచో ఇచటి పొయ్యిలకును తమ చరిత్ర కలదు. కొండలు లేని ఈ ఒండ్రుమట్టిసీమలో తుమ్మకట్టె, తాటిమట్ట, కందికంప, పిడక వంటింటికి దిక్కయినవి. బాపట్ల ఇసుకతీరమున నేడు కనబడు సరుగుడు తోట ప్రాచీనము కాదు. తూర్పు దీవులకును ఆస్ట్రేలియాకును చెందిన ఆ చెట్టును పందొమ్మిదవ శతాబ్దమున వంటచెఱకుకై ఈ తీరమున విరివిగా నాటిరి. గట్లపై నల్లుకొన్న సర్కారుతుమ్మయు అమెరికా ఖండమునుండి ఆ శతాబ్దముననే వచ్చినది. వేయేండ్ల పిమ్మట ఎవరైన త్రవ్వినచో, సరుగుడు బొగ్గున్న పొర క్రొత్తదనియు, లేని పొర పాతది కావచ్చుననియు తలపోయుదురు.

అయితే త్రవ్వుటకు పొర మిగులవలెను. అనేక గ్రామముల చెంత పాటిదిబ్బలు కలవు. అవి పూర్వపు ఊళ్ల స్థలములు. వాని బూడిదమన్ను పైరునకు బలమని తరతరములుగా బండ్లతో పొలములకు తోలిరి. తరువాత ట్రాక్టర్లు ఆ పనిని త్వరపరచినవి. రైతును నిందించుట న్యాయము గాదు. పాతవూరి బూడిద క్రొత్తవూరికి అన్నము పెట్టినది. కాని భట్టిప్రోలు స్తూపపు ఇటుకలును, చలువరాళ్లును పందొమ్మిదవ శతాబ్దమున రోడ్డుపనికి, కాలువపనికి వినియోగమైనపుడు ఎంత నష్టము జరిగినదో, పాటిమన్ను చదువబడకయే చేలలో కలసిపోయినపుడును అంత నష్టము జరుగుచున్నది. స్తూపము కూలినచో కంటికి కనబడును. బొగ్గు పోయినచో పోయినట్లే తెలియదు.

మఱియొక సంపదయు కరగిపోవుచున్నది. గ్యాసు పొయ్యి ఇంటింట వెలసినది. పొగతో కండ్లు మండిన గృహిణులకు అది గొప్ప విముక్తి. అయితే ఏ కట్టె నిప్పు నిలుపును, ఏది భగ్గున మండి చల్లారును, కొలిమి కేది తగును, ఏది పొయ్యికి నిషిద్ధము అను తెలివి వృద్ధుల నోటనే యున్నది. పూర్వులు ఒక కట్టెను ఏల యేరిరో, ఒకదాని నేల విడిచిరో తెలిసికొనుటకు ఆ తెలివియే తాళపుచెవి.

దీనికి ధనము పెద్దగా నక్కరలేదు. పాటిదిబ్బను తాకునపుడు బొగ్గుపొర కనబడినచో చేతితో కదపక, స్థలమును లోతును గుర్తుంచి, పురావస్తు శాఖవారికి తెలుపవచ్చును. ప్రతి గ్రామ గ్రంథాలయమును ఆ ఊరి చెట్ల పేర్లను, వాని కట్టెల గుణములను పెద్దలనుండి సేకరించి ఒక పుస్తకమున వ్రాయించి, ఒక్కొక్క కట్టెను కొంత కాల్చి పేరుచీటీతో పెట్టెలో దాచవచ్చును. తాళపత్రమును పురుగునుండి కాపాడుట ఎంత విద్యాసేవయో, నల్లని బొగ్గుతునుకను పారనుండి కాపాడుటయు నంతే. అక్షరము నేర్వని పూర్వులు తమ పొయ్యిలో వ్రాసిన పుటలవి. వానిని చదువు వాడు వచ్చువరకు భద్రపరచుట అక్షరము నేర్చినవారి విధి.