గీజరు (నీటిని వేడిచేసే పరికరము)

ఇళ్ళలో స్నానానికి, వంటపనికి కావలసిన నీటిని విద్యుత్తుతో గానీ, గ్యాసుతో గానీ వేడిచేసే పరికరాన్ని గీజరు అంటారు. ఐస్‌లాండులో వేడినీటిని ఎగజిమ్మే గెయ్‌సిర్ అనే ఊట పేరు నుండి ఈ మాట వచ్చినది. కట్టెలపొయ్యి మీది కాగు, రాగి బాయిలరు చేసిన పనిని ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇదే చేస్తున్నది. గీజర్లు ముఖ్యంగా రెండు రకాలు: నిల్వ గీజరు, తక్షణ (ఇన్‌స్టంట్) గీజరు. ఏది కొనాలన్నది ధరను బట్టి కాక ఆ ఇంటి నీటిని, కరెంటును బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది. పల్నాడు జిల్లాలోని రెంటచింతల వంటి చోట ఈ తేడా బాగా కనిపిస్తుంది.

పనిచేసే విధానము

నిల్వ గీజరులో సాధారణంగా 10 నుండి 25 లీటర్ల తొట్టి, 2 కిలోవాట్ల హీటరు ఉంటాయి. తక్షణ గీజరు పారుతున్న నీటినే వేడిచేస్తుంది. మన బజారులో ఈ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి 1 నుండి 3 లీటర్ల చిన్న తొట్టి ఉంటుంది కనుక వాటిని పూర్తిగా తొట్టి లేనివని చెప్పరాదు.

15 లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు తేవడానికి, ఏ గీజరైనా, దాదాపు 0.35 యూనిట్ల కరెంటు కావాలి. తక్షణ గీజరు కరెంటును ఎంతో ఆదా చేస్తుందనే మాట అందుచేత సగమే నిజం. అది ఆదా చేసేది నిల్వ ఉన్న నీరు చల్లారడం వలన పోయే వేడిని మాత్రమే. 3 కిలోవాట్ల తక్షణ గీజరు నిమిషానికి సుమారు 2 లీటర్ల నీటినే 20 డిగ్రీలు వేడెక్కించగలదు. బకెట్టు నిండడానికి 7 నిమిషాలు పడుతుంది. వోల్టేజి 230 నుండి 200కు పడిపోతే దాని శక్తి నాలుగో వంతు తగ్గి, నీరు గోరువెచ్చగానే వస్తుంది. నిల్వ గీజరైతే కాగడానికి కొంత ఎక్కువసేపు తీసుకుంటుంది, అంతే. కరెంటు పోయినా అప్పటికే కాగిన నీరు మిగిలి ఉంటుంది.

రెంటచింతలలో ఎండ, నీరు

రెంటచింతల ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటి. వేసవిలో మేడ మీది ట్యాంకు నీరే చేయి కాలేటట్లు ఉంటుంది. కనుక గీజరుతో పని ఎక్కువగా చలికాలపు ఉదయాలలోనే. నిల్వ గీజర్లపై కనిపించే నక్షత్రాల గుర్తు, నీరు ఊరికే నిల్వ ఉన్నప్పుడు పోయే వేడిని బట్టి ఇచ్చేది. స్నానాలు కాగానే స్విచ్చి ఆపే ఇంటికి ఒక నక్షత్రం తక్కువైనా పెద్ద నష్టం లేదు.

అసలు చిక్కు నీటితోనే. పల్నాడు సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకు ఆధారం ఈ రాయే. ఆ రాతి పొరల గుండా వచ్చే బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. నీరు కాగినపుడు అది కాల్షియం కార్బొనేటుగా మారి హీటరు చుట్టూ తెల్లని గారగా పేరుకుంటుంది. తరగతిలో తాత్కాలిక కఠినత్వం అని చదివే పాఠం ఇదే. గార పట్టిన హీటరు లోలోపల వేడెక్కి త్వరగా కాలిపోతుంది. తక్షణ గీజరులో నీటిదారి ఇరుకు కనుక ధార కూడా సన్నబడుతుంది. బోరు నీరు వాడే ఇంటికి గాజుపూత తొట్టి, మెగ్నీషియం కడ్డీ ఉన్న నిల్వ గీజరే మేలు. థర్మోస్టాటును 60 డిగ్రీలు దాటనీయక, ఏడాదికొకసారి తొట్టిని విప్పి శుభ్రం చేయించి, అరిగిన కడ్డీని మార్పించాలి. కాలువ నీటిపై ఆధారపడిన కుళాయి నీరు సాధారణంగా ఇంత కఠినంగా ఉండదు. అటువంటి ఇంటిలో వంటగది కుళాయికి తక్షణ గీజరు చాలును.

జాగ్రత్తలు

3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన మందం గల తీగ, సరైన ఎర్తింగు తప్పనిసరి. పాత ఇళ్ళలో ఇవి మార్పించే ఖర్చును గీజరు ధరలో కలిపి లెక్కించాలి. నిల్వ గీజరుకున్న పీడన కవాటాన్ని నీరు కారుతున్నదని బిగించివేయరాదు. లోపలి ఒత్తిడి బయటకు పోయే దారి అదే. గ్యాసు గీజరును గాలి ఆడని స్నానాలగదిలో పెడితే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు చేరి ప్రాణాలు తీస్తుంది. బకెట్టులో వేలాడదీసే హీటరు కడ్డీ అన్నిటికన్నా చవక, కానీ స్విచ్చి ఆపి ప్లగ్గు తీయకుండా ఆ నీటిని ముట్టుకొనరాదు.