నీటి చుక్క చేరాక

భూపాలపల్లి అడవి గూడేల్లో ఇప్పగింజల నుంచి తీసిన నూనె చలికాలంలో నెయ్యిలా గడ్డకడుతుంది. గోటితో గీరి పగిలిన మడమకు రుద్దితే ఒంటి వేడికే కరుగుతుంది. దాంట్లో నీరు ఉండదు కాబట్టి బూజు పట్టదు. నలుగుపిండిని పొడిగా దాచి, స్నానం వేళకే తడపడం కూడా అందుకే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని అమ్మమ్మకు తెలిసిన సంగతే ఇది. క్రీముల చరిత్ర మాత్రం ఆ నీటి చుక్కను లోపలికి రానిచ్చాక మొదలైంది.

నూనె, నీరు కలవవంటారు గానీ కవ్వం ముందు కూర్చున్నవాళ్లు రోజూ ఆ కలయికను చూస్తూనే ఉన్నారు. మీగడలో కొవ్వు బిందువులు నీళ్లలో తేలుతుంటాయి. చిలికితే తారుమారై, నీటి బిందువులే కొవ్వులో చిక్కుకుని వెన్నవుతుంది. ఎమల్షన్లలో ప్రధానమైన రెండు రకాలూ ఇవే. రోమ్‌లో 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ పేరున చెప్పుకునే తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీటి మిశ్రమం నిలకడగా ఉండేది కాదు. 1911లో జర్మనీలో వచ్చిన నివియా, గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసిన యూసెరిట్‌తో నీటిని పట్టి ఉంచింది. 1919లో బొంబాయిలో ఇ.ఎస్. పటన్‌వాలా ఆఫ్ఘన్ స్నో తెచ్చారు. మన ఇళ్లలో ‘స్నో, పౌడర్’ జంటమాటయింది. స్నో అంటే స్టియరిక్ ఆమ్లం, కాస్త క్షారం, మిగతాదంతా దాదాపు నీరే.

నీరుంటే సూక్ష్మజీవులూ ఉంటాయి. 1920ల నుంచి వాటిని అడ్డుకునే కాపలా పని పారబెన్లు అనే ప్రిజర్వేటివ్‌లు చేశాయి. 2004లో రొమ్ము కణితుల్లో పారబెన్లు కనిపించాయన్న బ్రిటిష్ అధ్యయనం కలవరం రేపింది. అవే క్యాన్సర్‌కు కారణమని అది నిరూపించలేదు. అయినా చాలా కంపెనీలు ఫినాక్సీఇథనాల్‌కు మళ్లాయి. ఐరోపాలో దాని పరిమితి 1 శాతం. ‘కెమికల్ లేనిది’ అంటూ ఏ ప్రిజర్వేటివ్ లేకుండా అమ్మే నీటి క్రీము అంతకంటే ప్రమాదకరం. వేలు ముంచిన ప్రతిసారీ డబ్బాలోకి కొత్త క్రిములు చేరతాయి.

లైపోజోమ్ కథ ప్రయోగశాలలో మొదలైంది. 1960ల తొలినాళ్లలో కేంబ్రిడ్జ్ సమీపంలోని బాబ్రహాంలో అలెక్ బాంగమ్, నీళ్లలో వేసిన ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు తమంతట తామే బుడగలుగా ముడుచుకోవడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. లోపల నీరు, చుట్టూ కొవ్వు పొర ఉన్న ఈ బుడగలే లైపోజోమ్‌లు. 1986లో డియోర్ కంపెనీ ‘కాప్చర్’తో అవి అలంకరణ బల్ల మీదికి వచ్చాయి. తెలంగాణ పల్లెలకు లైపోజోమ్ అన్న మాట మరీ చేదుగా పరిచయమైంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్ల బంధువులు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఊళ్లు తిరిగారు. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది.

మందును కొవ్వులో నింపే విద్య ఈ ప్రాంతానికి అంతకుముందే చేరువైంది. ఉమ్మడి జిల్లా కేంద్రమైన వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ పరిశోధకులు, క్లోజపిన్ మందును సూక్ష్మమైన ఘన కొవ్వు రేణువుల్లో నింపిన ప్రయోగాలను 2004, 2005ల్లో ప్రచురించారు. 1944లో పుట్టిన హైదరాబాద్ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించే పద్ధతిని రూపొందించింది. ఆ జిగురులో ఉండేది ఫాస్ఫోలిపిడ్లే. జనగామ, మహబూబాబాద్ మిల్లుల్లో వడ్లు మర ఆడిన ప్రతిసారీ రాలే తవుడులోనూ లైపోజోమ్ ముడిసరుకు ఉందన్నమాట. బజారులో ఎక్కువగా దొరికే లెసిథిన్ అనే ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమం మాత్రం సోయాది, పొద్దుతిరుగుడుది.

లైపోజోమ్ క్రీము తయారీలో చిక్కంతా కాపలాదారుకూ బుడగకూ పడకపోవడమే. నూనెనూ నీటినీ విడివిడిగా 70–75 డిగ్రీలకు వేడిచేసి కలుపుతారు. 40 డిగ్రీలకు చల్లారాకే లైపోజోమ్ ద్రావణం పోసి మెల్లగా తిప్పుతారు. ఘాటైన ఎమల్సిఫయర్ పడితే బుడగల పొర కరిగిపోతుంది. పారబెన్లు నీళ్లలో ఉండాల్సింది పోయి కొవ్వు పొరలో దూరతాయి. నీటికి కాపలా తగ్గుతుంది. అందుకే కావాలని బ్యాక్టీరియా, బూజు కలిపి క్రీమును పరీక్షిస్తారు. 7వ రోజు, 14వ రోజు, 28వ రోజు చిటికెడు తీసి, బతికి ఉన్నవాటిని లెక్కపెడతారు.