సబ్జెక్టు లేని ఎం.ఏ.: ఒక చిన్న కళాశాల ప్రయోగం

ఎవరైనా ఎం.ఏ. చేశామని చెప్పగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఏ సబ్జెక్టులో?" అని. పైచదువులకు వెళ్లేకొద్దీ పరిధి తగ్గాలి, లోతు పెరగాలి అన్నది మనకు అలవాటైన భావన. నిజానికి ఇది అంత ప్రాచీనమైనదేమీ కాదు. 19వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాలలో బలపడిన పరిశోధన పద్ధతి, 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ వంటి సంస్థల ద్వారా అమెరికాలో వేళ్లూనుకుంది. ఆ దేశంలోనే ఈ ధోరణికి ఎదురు నడిచిన ఒక చిన్న కళాశాలను ఇప్పుడు పరిశీలిద్దాం.

మేరీల్యాండ్ రాష్ట్రంలోని అన్నాపొలిస్‌లో ఉన్న సెయింట్ జాన్స్ కళాశాల మూలాలు 1696 నాటి ఒక పాఠశాలలో ఉన్నాయి. 1930ల నాటికి అది అప్పులలో కూరుకుపోయి, మూతపడే స్థితికి వచ్చింది. 1937లో స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకానన్ అక్కడికి వచ్చి పాఠ్యప్రణాళికను పూర్తిగా మార్చివేశారు. శాఖలు లేవు, ఐచ్ఛికాంశాలు లేవు. హోమర్, ప్లేటో, యూక్లిడ్‌లతో మొదలుపెట్టి మూలగ్రంథాలనే అందరూ చదవాలి. బోధకులను ప్రొఫెసర్లు అనరు, ట్యూటర్లు అంటారు. ఈ ఏడాది జ్యామితి చెప్పినవారే మరుసటి ఏడాది గ్రీకు చెప్పవలసి రావచ్చు. ఏళ్ల తరబడి ఒకే పేపరు బోధించిన నాబోటివారికి ఇది కాస్త ఇబ్బంది కలిగించే విషయమేనని ఒప్పుకోవాలి.

ఈ కళాశాల 1964లో న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో రెండవ ప్రాంగణాన్ని తెరిచింది. మన అంశానికి ముఖ్యమైనది 1967 వేసవి. ఆ ఏడు అక్కడ ప్రధానంగా బడి ఉపాధ్యాయులను ఉద్దేశించి ఒక స్నాతకోత్తర కోర్సు మొదలైంది. వేసవే ఎందుకో మీరు ఊహించగలరు: బడులకు సెలవులు అప్పుడే. ఉద్యోగం మానకుండా, కొన్ని వేసవులలో పట్టా పూర్తిచేయవచ్చు. సాహిత్యం, రాజకీయాలు-సమాజం, తత్త్వశాస్త్రం, గణితం-ప్రకృతిశాస్త్రం ఒకే ఎం.ఏ.లో భాగాలు. ఉపన్యాసం ఉండదు. బల్ల చుట్టూ కూర్చుంటారు, ట్యూటర్ ఒక ప్రశ్న వేస్తారు, చర్చ సాగుతుంది. సాహిత్యం బోధించే ఉపాధ్యాయురాలు యూక్లిడ్ సిద్ధాంతాన్ని పదిమంది ముందు నిరూపించవలసి వస్తుంది. తెలియని విషయం ముందు తన విద్యార్థి ఎలా తడబడతాడో ఆమెకు అప్పుడు అనుభవంలోకి వస్తుంది. ఈ కోర్సు అసలు బలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

లోపం కూడా స్పష్టమే. "మహాగ్రంథాలు" అన్న జాబితాలో చాలాకాలం పాశ్చాత్య రచనలే నిండి ఉన్నాయి. 1994లో శాంటా ఫేలో ప్రాచ్య గ్రంథాలకు వేరే ఎం.ఏ. ఏర్పడింది. మహాభారతం, భగవద్గీత అందులో పాఠ్యాంశాలు. సంస్కృతం గానీ ప్రాచీన చైనీస్ గానీ నేర్చుకోవాలి. అయితే వేరుగా పెట్టడమంటే చోటిచ్చినట్లా, పక్కన కూర్చోబెట్టినట్లా అన్నది మీరు ఆలోచించవలసిన ప్రశ్న.

మన దేశంలో రాధాకృష్ణన్ కమిషన్ (1948-49) సాధారణ విద్యను గట్టిగానే సమర్థించింది, కానీ డిగ్రీ స్థాయిలో. ఎం.ఏ. మాత్రం సబ్జెక్టుల వారీగానే సాగింది. అందుకు కారణం కేవలం అలవాటు కాదు. అధ్యాపక నియామక ప్రకటనలు "సంబంధిత సబ్జెక్టులో" 55 శాతం మార్కులతో పీజీ అడుగుతాయి. అన్నీ చదివిన అభ్యర్థి ఆ దరఖాస్తులో సబ్జెక్టు గడి దగ్గరే ఆగిపోతాడు.