నయా ఖిలాలో ఒక రౌండు గోల్ఫ్, ఎవరూ చూడని ఒక షాటు

ఇవాళ గోల్ఫ్ గురించి మాట్లాడుకుందాం. ఆగండి, స్కిప్ చెయ్యకండి! నేను కూడా మీలాగే, గోల్ఫ్ అంటే రిటైరైన పెద్దాఫీసర్లు టోపీ పెట్టుకుని చేసే మార్నింగ్ వాక్ అనుకున్నవాణ్ణే. మాది నారపల్లి. మా వైపు ఆట అంటే క్రికెట్, స్టేడియం అంటే ఉప్పల్.

బీటెక్‌లో నా పక్క బెంచీవాడు ఒకడున్నాడు. ఇద్దరం కలిసే సాఫ్ట్‌వేర్‌లో చేరాం. నేను మానేసి ఈ కెమెరా ముందుకొచ్చాను, వాడు మానకుండా గోల్ఫ్ నేర్చుకున్నాడు. వాడి పోరు పడలేక నేను కూడా ఓ రెండు నెలలు రేంజ్‌లో బంతులు కొట్టాను. ఒక శనివారం రాత్రి ఫోను. "మామా, పొద్దున్నే నయా ఖిలాకి వచ్చెయ్, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి గెస్టుగా పర్మిషన్ తీసుకున్నా, తొమ్మిది హోల్స్ ఆడదాం. ఓడినోడు బిర్యానీ." నారపల్లి నుంచి గోల్కొండ అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి. వరంగల్ హైవే సంగతి మీకు చెప్పక్కర్లేదు, తలమీద ఫ్లైఓవర్ స్తంభాలు, కింద గుంతలు. నాలుగున్నరకే బయల్దేరా.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. ఎందుకంటే అక్కడ బంతి ఎక్కడ పడినా చరిత్ర మీదే పడుతుంది.

నయా ఖిలా, అంటే కొత్త కోట. కొత్తదంటే మూడున్నర శతాబ్దాలు దాటింది. గోల్కొండ పాత కోట ఉండగా మళ్ళీ కొత్తది ఎందుకు? దీనికి మూలం మీర్ జుమ్లా. వజ్రాల వ్యాపారిగా మొదలుపెట్టి అబ్దుల్లా కుతుబ్ షాకి మంత్రి అయ్యాడు. మన గండికోటని గెలిచింది ఈయనే. సొంత సైన్యం, సొంత గనులు, చివరికి రాజుకే భయం పుట్టేంత ఎదిగాడు. 1655 చివర్లో రాజు ఆయన కొడుకుని జైల్లో వేయించాడు. మీర్ జుమ్లా మొఘలుల వైపు తిరిగాడు. అప్పుడు దక్కన్ సుబేదారు ఔరంగజేబు, ఎప్పట్నించో సాకు కోసం చూస్తున్నాడు, దొరికింది. 1656 మొదట్లోనే వాళ్ళ సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చేసి ఊరు దోచేసింది. రాజు గోల్కొండలోకి పారిపోయి తలుపులు వేసుకున్నాడు. షాజహాన్ నుంచి ముట్టడి ఆపమని హుకుం రాకపోతే కథ అప్పుడే ముగిసేది. రాజు బోలెడు సొమ్ము కట్టి, కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి బయటపడ్డాడు.

ఆ దెబ్బతో ఒక విషయం అర్థమైంది. కోటకి ఈశాన్యం వైపు ఒక ఎత్తైన జాగా ఉంది. శత్రువు అక్కడ ఫిరంగి పెడితే గోడ నిలవదు. అందుకని ఆ ఎత్తుని కూడా కలుపుకుంటూ కొత్త గోడ, కొత్త బురుజులు కట్టారు. అదే నయా ఖిలా. మా భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ క్రాష్ అయ్యాక పెట్టిన సెక్యూరిటీ ప్యాచ్. 1687లో ఔరంగజేబు, ఈసారి చక్రవర్తిగా, మళ్ళీ వచ్చాడు. దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్నా గోడ పడలేదు. చివరికి లోపలి సర్దారు ఒకడు, అబ్దుల్లా ఖాన్ పనీ, రాత్రిపూట తలుపు తీశాడు. ప్యాచ్ పనిచేసింది, పాస్‌వర్డ్ లోపలోడే ఇచ్చేశాడు.

ఇప్పుడు ఆ గోడల మధ్యే గోల్ఫ్ కోర్సు. ఒకవైపు కుతుబ్ షాహీల కాలం నాటి మసీదులు, తోట ఆనవాళ్ళు, ఇంకోవైపు పచ్చటి గడ్డి. హాతియాన్ కా ఝాడ్ అని బావోబాబ్ చెట్టు ఉంది, ఆఫ్రికా జాతిది, మొదలు చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. ఈ నేలలో తవ్వి, చదును చేసి గోల్ఫ్ ఆడటం ఏంటని పురావస్తు శాఖ అభ్యంతరం చెప్పింది, గొడవ కోర్టు దాకా వెళ్ళింది. నా అభిప్రాయం అడిగితే, రక్షిత కట్టడం చుట్టూ ఉన్న నేల కూడా ఆ కట్టడంలో భాగమే. ఇక్కడ గోల్ఫ్ రాకుండా ఉండాల్సింది. మరి ఆ మాట అంటూనే కర్ర పట్టుకుని ఎందుకు నిలబడ్డావ్ అంటే, నా దగ్గర మంచి సమాధానం లేదు. చూడాలనిపించింది, వెళ్ళాను.

సరే, ఆట. వాడు బాగా ఆడతాడు, నేను కొత్త. మరి పోటీ ఎలా? దీనికే హ్యాండీక్యాప్ అనే ఏర్పాటు. వాడు నాకు హోల్‌కి రెండు షాట్లు వదిలేశాడు, అంటే తొమ్మిదింటికి 18. నేను కొట్టిన మొత్తంలోంచి 18 తీసేసి వాడి లెక్కతో పోల్చాలి. చదరంగంలో పెద్దోడు మంత్రిని తీసేసి పిల్లాడితో ఆడినట్టు. మొదటి హోల్‌లోనే గాల్లో ఊపాను, బంతికి తగల్లేదు. "ఒకటి" అన్నాడు వాడు. తగలకపోయినా లెక్కేనట!

ఈ లెక్కలో తమాషా ఏంటంటే, అంపైర్ లేడు. రాసిపెట్టిన గోల్ఫ్ రూల్స్‌లో మనకి దొరికిన పాతవి 1744లో ఎడిన్‌బరో దగ్గర లీత్‌లో రాసినవి, మొత్తం 13. అప్పటికి ఆ ఆట స్కాట్లాండ్‌లో మూడొందల ఏళ్ళు పాతది. 1457లోనే అక్కడి పార్లమెంటు దాన్ని నిషేధించింది, కుర్రాళ్ళు విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని. మరి అన్నేళ్ళు రూల్స్ కాగితం లేకుండా ఎలా గడిచింది? ఎక్కువగా తెలిసినవాళ్ళ మధ్య పందేలు కాబట్టి అని నేననుకుంటున్నా. 1744లో వెండి క్లబ్ బహుమతి పెట్టి, ఎక్కడివాళ్ళైనా రావచ్చన్నారు. కొత్తవాళ్ళు వస్తున్నారనగానే కాగితం అవసరమైంది.

మన దేశానికి ఇది తొందరగానే వచ్చింది, రాయల్ కలకత్తా క్లబ్ 1829ది. తర్వాత చాలాకాలం దొరల ఆటే. 1964లో ఇండియన్ ఓపెన్ మొదలైతే ఆస్ట్రేలియా ప్రొఫెషనల్ పీటర్ థామ్సన్ గెలిచాడు. మరుసటేడు 1965లో గెలిచింది ఎవరో తెలుసా? బిల్లూ సేఠీ, ఒక అమెచ్యూర్! అంటే ఆటతో పొట్ట పోసుకోనివాడు, సరదా కొద్దీ ఆడేవాడు. ప్రొఫెషనల్స్ అందర్నీ ఓడించాడు, అమెచ్యూర్ కాబట్టి ప్రైజు సొమ్ము మాత్రం ముట్టుకోడానికి లేదు.

ఆరో హోల్‌లో నా బంతి ఒక రాయి పక్కకి ఇరుక్కుంది. వాడు చాలా ముందున్నాడు. నేను బూటు ముందుభాగంతో, ఇలా, కొద్దిగా... జరిపాను. తలెత్తితే క్యాడీ చూస్తున్నాడు. గోల్కొండ బస్తీ మనిషి, మా నాన్న వయసుంటుంది. ఏమీ అనలేదు. సంచి భుజానికెత్తుకుని నడిచాడు. గ్రీన్ దగ్గర వాడు "ఎన్ని?" అన్నాడు. "ఏడు" అన్నాను. రాసుకున్నాడు.

1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్‌కి ఇలాగే అయింది, కాకపోతే తలకిందులుగా. షాటుకి సిద్ధమవుతుంటే బంతి రవ్వంత కదిలింది. ఎవరూ చూడలేదు, అధికారులు మాకేం కనపడలేదన్నారు. కదిలింది అని ఆయనే పట్టుబట్టి ఒక షాటు జరిమానా వేసుకున్నాడు. చివరికి స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క షాటు లేకపోతే టైటిల్ ఆయనదే. ఈయనా అమెచ్యూరే, మనలాగే ఇంజనీరింగ్ చదివాడు, మెకానికల్. 28 ఏళ్ళకి, 1930లో, ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళు గెలిచి పోటీలు మానేశాడు. నా వయసు కూడా అటూ ఇటూగా అంతే. నేను రాయి పక్క బంతి జరుపుతున్నా.

తొమ్మిదీ అయ్యాయి. వాడిది 47. నాది 64, పద్దెనిమిది తీస్తే 46. ఒక్క షాటుతో గెలిచాను! వాడు నిజంగానే సంతోషపడ్డాడు, భుజం మీద కొట్టి "మామా, బిర్యానీ నాది" అన్నాడు. క్యాడీ పక్కనే కర్రలు తుడుస్తున్నాడు.

"ఆరో హోల్‌లో బంతి జరిపాన్రా," అన్నాను.

వాడు రెండు క్షణాలు నన్నే చూశాడు. తర్వాత రూల్ చెప్పాడు. జరిపిన బంతిని పాత చోట పెట్టి ఆడితే ఒకటి జరిమానా, పెట్టకుండా ఆడేస్తే రెండు. పెన్సిల్ తీసి ఏడుని తొమ్మిది చేశాడు. నాది 48.

బిర్యానీ నేనే కొనిపెట్టా. వెళ్ళేముందు క్యాడీ మమ్మల్ని ఒక ఎత్తు దగ్గరికి తీసుకెళ్ళి, "నా చిన్నప్పుడు ఇక్కడ గడ్డి లేదు బేటా, పతంగులు ఎగరేసేవాళ్ళం, ఎవరూ ఆపేవాళ్ళు కాదు" అని చెప్పాడు. అక్కణ్ణించి కోట గోడ మొత్తం కనిపిస్తుంది. ఫిరంగి పెట్టాలంటే మంచి చోటే.

మీర్ జుమ్లా, గండికోట కథ పూర్తిగా వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి.