సాల్బుటమాల్

సాల్బుటమాల్ ఉబ్బసపు ఆయాసాన్ని తగ్గించడానికి పీల్చే మందు. అమెరికాలో దీనిని ఆల్బుటరాల్ అంటారు. ఇంగ్లండులోని వేర్ పట్టణంలో డేవిడ్ జాక్ నాయకత్వంలోని బృందం దీనిని 1966లో కనుగొన్నది. 1969లో వెంటోలిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. భారతదేశంలో ఆస్తాలిన్ అనే పేరు సుపరిచితం.

ఇది శ్వాసనాళాల చుట్టూ బిగుసుకొన్న కండరాలలోని బీటా-2 గ్రాహకాలను ప్రేరేపించి వాటిని సడలిస్తుంది. నిమిషాలలోనే ఊపిరి సులువవుతుంది; ప్రభావం 4 నుండి 6 గంటలుంటుంది. అయితే నాళాల లోపలి వాపును ఇది తగ్గించదు. అందుకు పీల్చే స్టెరాయిడ్ కావాలి. ఉపశమనం కలిగింది కదా అని చాలామంది ఆ రెండవ మందును మానివేస్తారు, ఇది ప్రమాదకరం. స్టెరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ ఒక్కటే వాడరాదని 2019లో గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా సూచించింది.

చేతుల వణుకు, గుండెదడ దీని దుష్ఫలితాలు. మునుపటికంటే తరచుగా పీల్చవలసి వస్తున్నదంటే వ్యాధి అదుపు తప్పుతున్నట్లే. వెంటనే వైద్యుని సంప్రదించాలి.