తెలుగునాట కౌబాయి

గోదావరిఖనిలో గనికార్మికుల బిడ్డలకు మేము పాఠములు చెప్పుచుందుము. ఒకనాడు ఆంగ్లేయ కంపెనీవారి ప్రస్తావము రాగా నొక బాలుడు లేచి, “సారూ, కృష్ణ గుర్రమెక్కి నిధి వెదికింది ఆ దొరల కాలంలనేనా?” యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మాకు మాత్రము నవ్వు రాలేదు.

వాడడిగినది 1971 ఆగష్టు 27వ తేదీన విడుదలైన “మోసగాళ్లకు మోసగాడు” చిత్రమును గూర్చి. భారతదేశమున నిదియే తొలి కౌబాయి చిత్రమని ప్రతీతి. కె. ఎస్. ఆర్. దాసు దర్శకుడు, కృష్ణ నాయకుడు, విజయనిర్మల నాయిక. ఈమెయే పిమ్మట నలువదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించి ప్రపంచఖ్యాతి నొందెను. స్త్రీలకు సాంకేతికవిద్య లేలయను పెద్దలు దీనిని గమనింతురుగాక.

చిత్రము ఇటలీవారి యనుకరణమని యాక్షేపింతురు. నిజమే. సెర్జియో లియోనీ 1966లో తీసిన “గుడ్, బ్యాడ్ అండ్ అగ్లీ” ఛాయలు దీనియందు స్పష్టముగా గలవు. కాని యా లియోనీ మాత్రము నిర్దోషియా? 1964లో నాతడు తీసిన తొలి కౌబాయి చిత్రము, జపాను దర్శకుడు కురొసావా 1961లో తీసిన “యొజింబో” కథయే. వ్యాజ్యము నడిచి పరిహార మీయవలసివచ్చెను. అమెరికా కథను ఇటలీవారు స్పెయినుదేశపు టల్మేరియా యెడారిలో తీయగా, మనవారు రాజస్థానపు టిసుకలో తీసిరి. ఎరువు సొమ్ములోనే యింకొక యెరువు!

ఈ కథ వ్రాసినవాడు ఆరుద్ర. “సమగ్రాంధ్ర సాహిత్యము” సంపుటముల కొఱకు తాళపత్రములను, శాసనములను శోధించిన యా పండితుడే తుపాకులవాండ్ర కథకు కలము పట్టెనన్న కొందఱు నమ్మరు. లియోనీ నాయకునికి ఊరు లేదు, పేరును లేదు. ఆరుద్ర తన కథను కంపెనీవారి దినములలో నిలిపి, గుప్తనిధి చుట్టును అల్లెను. ఈ మార్పు మనది. దానిని మేము మెచ్చుకొందుము. అయినను ఆ కాలపు రైతు, పన్నుల బాధ, కఱవు ఇందు మచ్చునకైన గానరావు. బాలుని భ్రమకు మూల మిదియే.

కావున వానితో నిట్లంటిమి: “ఆ నిధిని చరిత్రలో వెదకకుము. బొబ్బిలి యుద్ధము మాత్రము 1757లో నిజముగా జరిగినది. అయితే కోటను ముట్టడించినవారు ఆంగ్లేయులు కారు; విజయనగరము రాజునకు తోడైన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యము.” వాడు తెల్లబోయి, దొరలలో రెండు తెగలుండెనా యని యడిగెను. ఆ పూట పాఠము పుస్తకము విడిచి చాలదూరము పోయినది.

కృష్ణ 2022 నవంబరు 15వ తేదీన గతించెను. 2023 మే 31న, ఆయన జన్మదినమున, చిత్రము మరల విడుదలయ్యెను. గనిలో పనిచేసి విశ్రాంతి గైకొన్న తాతతో కూడి వాడు దానిని చూచెనట.